కాకి ముట్టని ఆకు

చీపురుపల్లి స్టేషను వెనక సందులో లక్ష్మణమ్మ భోజనాల ఇల్లు ఎరగనివాళ్లుంటే, వాళ్లు ఆ ఊళ్లో ఎప్పుడూ ఆకలితో దిగలేదన్నమాట. ముప్ఫై ఏళ్లు అన్నం పెట్టింది ఆ మనిషి. గూడ్సు బండి గార్డులకి పెట్టింది, బదిలీ మీద వచ్చి గది దొరక్క తిరిగే గుమాస్తాలకి పెట్టింది, గనుల మేస్త్రీలకి పెట్టింది. రెండు కూరలు, పులుసు లేకుండా ఒక్కనాడూ ఆకు వేయలేదు. నోరు మాత్రం కత్తిపీటే. కూరలో ఉప్పు తక్కువైందన్నవాడితో, "నీ నోట్లోనే ఉప్పెక్కువైంది, ఎల్లి పుక్కిలించుకొచ్చి కూకో" అనేది. వాళ్లు నిజంగానే పుక్కిలించుకొచ్చి కూర్చునేవాళ్లు.

చదువు మూడో తరగతి. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, సంతకం పెడుతుంది. ఒకసారి ఎవరో ఆఫీసరు సిరా పెట్టె ముందుకు తోసి వేలిముద్ర వేయమంటే, "నా ఏలు అన్నం కలపడానికి, మసి పూసుకోడానికి కాదు" అని కలం లాక్కుని, పది నిమిషాలు పట్టినా సరే, ఇంటిపేరుతో సహా రాసి వచ్చింది.

ఇప్పుడు డెబ్బై రెండేళ్లు. మోకాళ్లు లొంగిపోయాయి, నోరు లొంగలేదు. మొగుడు సోములు పోయి ఇరవై ఏళ్లయింది. వంట కోడలు ఈశ్వరి చేతికి వెళ్లింది.

ఏటా మహాలయ అమావాస్యనాడు లక్ష్మణమ్మ మేడ మీద పిట్టగోడ పక్కన రెండు ఆకులు వేస్తుంది. ఒకటి సోములుకి, రెండోది గోవిందుకి. సోములు ఆకు మీద కాకులు నిమిషంలో వాలతాయి. "బతికున్నప్పుడూ ఇంతే. పిలవకముందే పీట మీద కూకునేవోడు" అంటుంది. గోవిందు ఆకు దగ్గరికి ఒక్క కాకి కూడా రాదు. పన్నెండేళ్లుగా రాలేదు. పోయిన మనిషికి తీరని కోరిక మిగిలిపోతే కాకి ముట్టదని ఆ సందులో పాలు తాగే పిల్లకైనా తెలుసు. ఆ కోరిక ఏమిటో మాత్రం ఎవరికీ తెలియదు.

గోవిందు ఈ దేశం మనిషి కాడు. ఊరవతల కొత్తగా కట్టిన ఫ్యాక్టరీలో కొలిమి బిగించడానికి చైనా నుంచి ఏడుగురు వచ్చారు. పని అయ్యాక ఆరుగురు వెళ్లిపోయారు. కొలిమి సరిగ్గా మండుతోందో లేదో చూడడానికి ఒక్కణ్ని ఉంచేశారు. అతని పేరు గువో అని ఫ్యాక్టరీ మేనేజరు చెప్పాడు. సందులో వాళ్ల నోటికి అది రెండు రోజుల్లో గోవిందు అయిపోయింది. అరవై దగ్గరున్న మనిషి, బక్కగా ఉండేవాడు, చెంపలు నెరిసిపోయి ఉండేవి. లక్ష్మణమ్మ మేడ మీద గదిలో దింపారు. భాష రాదు. రెండు చేతులు, ఒక నవ్వు, అంతే అతని భాష. చొక్కా జేబులో ఒక ఫొటో ఉండేది. పెళ్లామే అనుకుంటా, నీలం చొక్కా వేసుకుని, ఇంటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. వచ్చిన మొదటిరోజే దాన్ని తీసి లక్ష్మణమ్మకి చూపించాడు. లక్ష్మణమ్మ ఫొటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "గరిటె పట్టుకోడం వొచ్చిన మనిషే" అంది. ఆ నోటి నుంచి అంతకన్నా పెద్ద మెప్పు రాదు.

అతని వాలకం మాత్రం ఆవిడకి ఎక్కలేదు. ఎండాకాలంలో కుండలో చల్లటి నీళ్లు పోసి ఇస్తే ముట్టేవాడు కాదు. పొగలు కక్కే నీళ్లు కావాలి. మూత ఉన్న ఒక గాజు సీసా ఉండేది. అందులో నాలుగు ఆకులు పడేసి, పొద్దల్లా వేడి నీళ్లు పోసుకుని తాగేవాడు. సాయంత్రం అయ్యేసరికి పప్పు కడిగే బేసిన్లో వేడి నీళ్లు పోసుకుని, కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. అది చూసిన రోజు లక్ష్మణమ్మ బేసిన్ని చింతపండుతో మూడుసార్లు తోమి, సందంతా వినేలా తిట్టింది. గోవిందు నవ్వుతూ, తల ఊపుతూ విన్నాడు. మర్నాడు బజారుకెళ్లి ఎర్ర ప్లాస్టిక్ బేసిను కొనుక్కొచ్చి, ఎవరి బేసిను ఏదో వేలితో చూపించాడు.

భాద్రపదంలో వానలు పట్టాయి. గోవిందుకి జ్వరం తగిలింది. నాలుగో రోజు ఫ్యాక్టరీ జీపులో విజయనగరం తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. పెట్టెలో పెట్టి విశాఖపట్నం మీదుగా వాళ్ల ఊరు పంపేశారని పదిహేను రోజుల తరవాత తెలిసింది. గదిలో గాజు సీసా ఉండిపోయింది. లక్ష్మణమ్మ దాన్ని వంటింటి గూట్లో పెట్టింది.

ఆ తరవాతే మొదలైంది. పొద్దున్న పది గంటలకి, పెరట్లో అన్నం వార్చడానికి తపేలా వంచేసరికి, వెనకాల ఎవరో వచ్చి నిలబడినట్టు ఉండేది. అడుగుల చప్పుడు ఉండదు. సీసా మూత తిప్పిన చప్పుడు మాత్రం, కిర్రుమని, సన్నగా వినిపించేది. తిరిగి చూస్తే పెరడూ గేదె కుడితి గోలెమూ తప్ప ఏమీ ఉండవు. నెల తిరక్కుండా లక్ష్మణమ్మ కరెంటు కుక్కరు కొనిపించింది. వార్చే పని లేదు, గంజి లేదు. చేతులు నొప్పని చెప్పింది. అత్త ఇన్నాళ్లకి మెషీను మాట విన్నదని ఈశ్వరి సంబరపడింది. తరవాత గేదెనీ అమ్మేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగే ధైర్యం ఎవరికుంది?

చప్పుడు మాత్రం ఆగలేదు. వార్చినా వార్చకపోయినా, పది అయ్యేసరికి కిర్రుమనేది.

మధ్యలో ఒక ఏడాది, స్టేషను దగ్గర 'చైనీస్' అని బోర్డు పెట్టుకున్న నాగబాబు బండి నుంచి ఎర్రగా వేయించిన గోబీ ముక్కలు, సేమ్యాలాంటి తాళ్లు పొట్లం కట్టించుకొచ్చి గోవిందు ఆకులో పెట్టింది. కాకి కాదు కదా, చీమ కూడా రాలేదు. పక్కింటి పిల్లి వచ్చి వాసన చూసి తుమ్మింది. లక్ష్మణమ్మ తిన్నగా బండి దగ్గరికి వెళ్లింది.

"ఏరా నాగబాబూ, నువ్వు సైనా ఎల్లావేటి?"

"నాను పార్వతీపురం దాటి ఎల్లనేదు పిన్నమ్మా."

"మరి ఈ బోర్డేటి?"

"పెయింటరు రాసేసినాడు. నానేటి సెయ్యను?"

ఈ ఏడాది వేసవిలో లక్ష్మణమ్మ స్నానాలగదిలో జారి పడింది. ఎముక విరగలేదు గానీ, పది రోజులు మంచం మీద ఉండేసరికి ఒక ఆలోచన పట్టుకుంది. తను పోతే గోవిందు ఆకు ఎవరు వేస్తారు? ఈశ్వరిని అడిగింది. ఈశ్వరి మాట దాచే మనిషి కాదు.

"మావకేస్తానత్తా, నీకూ ఏస్తాను. ఆ సైనా ఓడికి నానెందుకేస్తాను? ఆడు మనకేటవుతాడు?"

అందులో తప్పేమీ లేదు. అందుకే లక్ష్మణమ్మకి తిట్టడానికి నోరు రాలేదు. ఈ అమావాస్యకి కాకి ముట్టాలి. ముట్టకపోతే అతను ఆ పెరట్లో, పెట్టేవాళ్లు లేకుండా, అలా నిలబడే ఉంటాడు. ఆ మాట తట్టిన రోజు నుంచి ఆవిడకి ముద్ద దిగలేదు.

ఆషాఢమాసం మొదట్లో ఒకరోజు కర్ర పట్టుకుని లైబ్రరీకి వెళ్లింది. అక్కడ పనిచేసే యమున లేచి కుర్చీ వేసింది.

"భక్తి పుస్తకాలు ఆ బీరువాలో ఉన్నాయి మామ్మా."

"భక్తి నాకున్నాది, దానికి పుస్తకమెందుకు? సైనా ఓళ్ల ఇంట్లో పొయ్యి మీద ఏటుంటాదో సెప్పేది కావాల."

యమున నవ్వబోయి, ఆ ముఖం చూసి ఆగింది. వెతికి వెతికి ఒక లావాటి పుస్తకం తెచ్చింది. లక్ష్మణమ్మ వారం తరవాత దాన్ని బల్ల మీద పడేసింది.

"గోడ. మూడొందల పేజీలు గోడే. కట్టినోడు ఏటి తిన్నాడో ఒక్క ముక్క లేదు."

తరవాతది యుద్ధం గురించి. ఆ తరవాతది ఇంట్లో అద్దం ఎక్కడ పెడితే డబ్బొస్తుందో చెప్పేది. దాన్ని మొదటి పేజీలోనే మూసేసింది. నాలుగోది మాత్రం ఆశ పుట్టించింది. మన తెలుగు పెద్దమనిషే ఒకాయన విమానమెక్కి వెళ్లి, అక్కడ పన్నెండు రోజులు తిరిగి వచ్చి రాసింది. లక్ష్మణమ్మ కళ్లజోడు పెట్టుకుని, వేలు లైను మీద ఆనించి, పది రోజులు చదివింది. తీసుకొచ్చినప్పుడు గొంతు కొంచెం తగ్గింది.

"ఈయన పెరుగన్నం కోసం ఎతుక్కున్నాడే అమ్మా. పాములు తింటారంట, కప్పలు తింటారంట, అని ముక్కు మూసుకున్నాడు. ఆయన ఆకలి రాసుకున్నాడు గానీ ఆళ్ల ఆకలి రాయనేదు. గుమ్మం బయట నిలబడి లోపలికి తొంగి సూసినోడు రాసింది నాకొద్దు. లోపల పుట్టినోళ్లు రాసింది కావాల."

యమున పుస్తకాన్ని బీరువాలో పెట్టేసింది. "బొబ్బిల్లో పరంజ్యోతి మాస్టారని ఉన్నారు మామ్మా. రిటైరయ్యారు. పరాయి దేశాల కథలు తెలుగులోకి వచ్చినవి ఆయన దగ్గర చాలా ఉన్నాయి. కానీ ఎవరికీ ఇవ్వరు."

"నాకిస్తాడు" అంది లక్ష్మణమ్మ.

ఆదివారం ఇద్దరూ బస్సెక్కారు. మాస్టారు అప్పుడే చర్చి నుంచి వచ్చి, తెల్ల చొక్కా విప్పకుండా వాలు కుర్చీలో కూర్చున్నారు. ఇల్లంతా పుస్తకాలు. ఒక్కోదానికీ పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఉంది.

"ఎందుకమ్మా మీకు?" అన్నారు.

"ఊరికే."

"ఊరికే ఎవరూ ఈ మోకాళ్లతో బొబ్బిలి రారు."

లక్ష్మణమ్మ పెదవి బిగించింది. చెప్పలేదు. మాస్టారు మళ్లీ అడగలేదు. లోపలికెళ్లి, చాలాసేపటికి, అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం తెచ్చారు. పేరున్న పేజీ కూడా లేదు. చైనాలో ఒక ఆడమనిషి తన పుట్టింటి గురించి రాసుకున్నదట. ఎవరో ఎప్పుడో తెలుగు చేశారు.

"ఇందులో రాజులు లేరమ్మా. ఇల్లు కురుస్తుంటే పిండి ఎక్కడ దాచాలి, అత్తకి తెలియకుండా గుడ్డు ఎలా ఉడకబెట్టుకోవాలి, ఇవే ఉన్నాయి. మా ఆవిడ ఎలీసమ్మకి ఇష్టమైన పుస్తకం. ఆవిడ పోయాక బయటికి ఇవ్వలేదు. మీరే తెచ్చివ్వాలి."

"గుడ్డు దాసుకోడం రాసిందా? అయితే అబద్ధం సెప్పే మనిషి కాదు" అంది లక్ష్మణమ్మ. పుస్తకాన్ని కొంగులో చుట్టుకుంది.

నెలన్నర చదివింది. మధ్యాహ్నం అంట్లు అయ్యాక, వసారాలో, పేజీకి అరగంట. చదివిన కొద్దీ మేడ మీద గది తలుపు ఒక్కో అంగుళం తెరుచుకున్నట్టు ఉండేది. ఆ పుస్తకంలో పసిపిల్ల దగ్గర్నుంచి ముసలాయన దాకా వేడి నీళ్లే తాగుతారు. చల్ల నీళ్లు ఇవ్వడమంటే మనిషిని పట్టించుకోకపోవడం కింద లెక్క. పన్నెండు ఎండాకాలాల కిందటి కుండ నీళ్లు గుర్తొచ్చాయి. ఇంకో చోట ఆ అమ్మాయి, పని నుంచి వచ్చిన నాన్న కాళ్లని బేసిన్లో పెట్టి వేడి నీళ్లు పోస్తుంది. నాన్న కళ్లు మూసుకుని, "ఇప్పుడు ఇంటికొచ్చాను" అంటాడు. ఆ పేజీ దగ్గర లక్ష్మణమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తోమిన బేసిను, తిట్టిన తిట్లు, తల ఊపుతూ నిలబడ్డ మనిషి.

"ఏటత్తా, కళ్లలో నలుసా?" అంది ఈశ్వరి.

"నీ సేతి ఉల్లిపాయ గాటు ఈధి దాకా వొస్తంది" అంది.

అమావాస్య ఇంకా పన్నెండు రోజులుందనగా ఆ పేజీ వచ్చింది. ఆ పిల్ల తమ్ముడికి జ్వరం. ఇంట్లో ఎవరూ అతని ముందు అన్నం పెట్టరు. తల్లి గుప్పెడు బియ్యం ఒక పెద్ద కుండెడు నీళ్లలో వేసి, మెతుకు పగిలి పాలలా అయ్యేదాకా ఉడికించి, ఆ గంజిని గిన్నెలో పోసి, పక్కన ఉప్పులో ఊరిన ముల్లంగి ముక్క పెట్టి, రెండు చేతులతో ఇస్తుంది. రాజు బిడ్డకైనా జబ్బులో అదే, కూలివాడి బిడ్డకైనా అదే. గంజి ఇచ్చే చెయ్యి ఉన్నచోటే ఇల్లు ఉన్నట్టు అని రాసింది ఆవిడ.

లక్ష్మణమ్మ వేలు ఆ లైను మీదే ఉండిపోయింది. గోడ గడియారం పది కాదు, మూడు. అయినా వెనకాల కిర్రుమంది.

ఆవిడ ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పనిది ఒకటుంది. తనకి తను కూడా చెప్పుకోనిది. జ్వరం వచ్చిన మూడో రోజు గోవిందు గోడ పట్టుకుని మెట్లు దిగి పెరట్లోకి వచ్చాడు. ఆవిడ అన్నం వార్చి, గంజి కుడితి గోలెంలో పోస్తోంది. అతను సీసా మూత తీసి, గంజి కింద పెట్టాడు. పొయ్యమని. చుట్టంలాంటి వాడికి, డబ్బిచ్చి తినే వాడికి గంజి పోస్తే లక్ష్మణమ్మ పరువేం కాను? కూలీకి కూడా గంజి పోసిన చెయ్యి కాదది. అతని చెయ్యి పక్కకి తోసి, వంజరం చేప ముక్కలతో పులుసు పోసి పళ్లెం తెచ్చి పెట్టింది. అతను పళ్లెం చూశాడు, మళ్లీ సీసా చాపాడు. అప్పుడు ఆవిడ ఘొల్లున నవ్వి, "సూసావేటే ఈశ్వరీ, మన గోవిందు గేదెతో పోటీకొచ్చాడు" అని, మిగిలిన గంజి అతని కళ్ల ముందే గోలెంలో కుమ్మరించేసింది. భాష తెలియనివాళ్లు ఎదుటివాళ్లు నవ్వితే నవ్వుతారు. అతనూ నవ్వాడు. మూత బిగించుకుని, కిర్రుమని, మెట్లెక్కి వెళ్లిపోయాడు. పులుసు ముట్టలేదు. మర్నాడే జీపు వచ్చింది.

ఆ సాయంత్రమే లక్ష్మణమ్మ ముల్లంగి తెప్పించి, ముక్కలు కోసి, ఉప్పులో ఊరేసింది. అటక మీది తపేలా దింపించింది.

అమావాస్యనాడు మేడ మీద రెండు ఆకులు. సోములు ఆకులో గారెలు, పప్పు, కూరలు, పులుసు. గోవిందు ఆకులో ఒక గిన్నె, అందులో గంజి, పక్కన ముల్లంగి ముక్క. పక్క మేడ మీద బుల్లమ్మ కూడా తన పెద్దలకి ఆకు వేస్తోంది. నలభై ఏళ్ల నుంచి లక్ష్మణమ్మ ఎప్పుడు జారుతుందా అని చూసే మనిషి ఆ బుల్లమ్మ.

"ఏటప్పా, పెద్దలకి గంజి పోసావు? బియ్యం నిండుకున్నాయేటి?" అంది పిట్టగోడ మీంచి.

లక్ష్మణమ్మ గిన్నెని ఆకు మధ్యకి జరిపింది. కాకులు సోములు ఆకు ఖాళీ చేశాయి. ఒక్క కాకి పిట్టగోడ మీద ఆగి, మెడ వంచి గిన్నె వంక చూసింది. కదల్లేదు. అరగంటయింది. గంజి మీద మీగడ కట్టింది.

"ఏదో మాట సెప్పాలత్తా" అంది ఈశ్వరి మెల్లిగా. "పోయినోళ్లకి మాట సెప్తే కాకి ముడతాది. మా అమ్మకి మా తమ్ముడు అలాగే సెప్పాడు."

చెప్పాల్సిన మాట లక్ష్మణమ్మకి తెలుసు. బుల్లమ్మ వింటోంది. కోడలు వింటోంది. ముప్ఫై ఏళ్లలో ఈ నోరు తిట్టింది, వెక్కిరించింది, ఎదురు చెప్పింది. తప్పు ఒప్పుకోలేదు. ఆవిడ పిట్టగోడ పట్టుకుని లేచి, కొంగు సర్దుకుంది.

"గోవిందూ" అంది, పక్క మేడకి కూడా వినిపించేలా. "నువ్వు గంజి అడిగావు. నాను ఇయ్యనేదు. నువ్వు సూస్తుండగా గేదెకి పోసేసాను. నవ్వాను కూడాను. నా పరువు సూసుకున్నాను గానీ నీ జొరం సూడనేదు. తప్పయిపోనాది. తాగు నాయనా."

బుల్లమ్మ గభాలున వెనక్కి తిరిగి తన ఆకు సర్దుకుంది. ఈశ్వరి అత్త మొహం చూడకుండా తల దించుకుంది. కాకి రెక్క విదిలించి దిగింది. గిన్నె అంచు మీద కూర్చుని, ముల్లంగి ముక్కని ముక్కుతో పక్కకి గెంటేసి, గంజిలో మూతి పెట్టింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు.

లక్ష్మణమ్మ అక్కడే కూలబడింది. "ముల్లంగి బాగా ఊరనేదు కాబోలు" అంది.

మర్నాడు కుక్కరు పక్కకి తోసేసి తపేలాలో అన్నం వండింది. పెరట్లోకి తీసుకెళ్లి వార్చింది. ఇంక వెనకాల ఎవరూ ఉండరనుకుంది. పది అయింది. కిర్రుమంది. ఆవిడ తిరిగి చూడలేదు. భయం వేయలేదు కూడా. తిన్నాడు కదా, ఇంకెందుకు వచ్చాడు అని ఆ పగలంతా ఆలోచించింది. సాయంత్రానికి నీలం చొక్కా ఆవిడ, గుమ్మంలో గరిటె పట్టుకున్న ఆవిడ, కళ్ల ముందు వచ్చి నిలబడింది. మేడ మీద ఒప్పుకున్న తప్పు ఆ ఇల్లాలి చెవిన పడనేలేదు.

పుస్తకం తిరిగి ఇవ్వడానికి బొబ్బిలి ఒక్కతే వెళ్లింది. ఈసారి మాస్టారు అడక్కుండానే అంతా చెప్పింది. గంజి, గేదె, నవ్వు, పదింటి చప్పుడు, కాకి, జేబులో ఫొటో. మాస్టారు పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని విన్నారు.

"మాస్టారూ, మన ఇళ్ల గురించి ఆళ్ల బాసలో ఎవులైనా రాసారేటి?"

"మన గుళ్ల గురించి, కోటల గురించి రాసి ఉంటారమ్మా. రామతీర్థం కొండ మీది బౌద్ధారామాల గురించి తప్పకుండా రాసి ఉంటారు."

"గుళ్లు కాదు. సుట్టానికి గంజి పోస్తే ఆడదాని పరువు పోతాదని, అందుకే మంచి సేప ముక్కలు తెచ్చి పెడతాదని, అలాంటిది. లోపల పుట్టినోళ్లు రాసింది. ఆ నీలం సొక్కా ఆవిడ సదువుకునేలా."

మాస్టారు పుస్తకాల వరసల వంక చూశారు. "నాకు తెలిసి లేదమ్మా" అన్నారు.

"అయితే ఆవిడికింకా తెలీదు" అంది లక్ష్మణమ్మ. "తన మొగుడు గంజి అడిగితే పోసే దిక్కు లేని ఊళ్లో సచ్చిపోనాడనుకుంటాది. నా సెయ్యి అలాంటిది కాదని ఎవులు సెప్తారు?"

బస్సుకి వేళయిందని లేచింది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మాస్టారి ఒళ్లోంచి పుస్తకం మళ్లీ తీసుకుంది.

"ఇంకో నెల ఉంచుకుంటాను. ఆ గంజి పేజీ ఈశ్వరి సేత కూడా సదివించాల. నాను పోయాక పదింటికి ఆడొస్తే, ఎందుకొచ్చాడో మా ఇంట్లో ఒకలికైనా తెలియాల గదా."